ఫోకస్ తప్పిన పూలు

నర్సరీ నుంచి,
మార్చి 22, ఆదివారం సాయంత్రం.

వదినగారికి,

నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం చదివాక ఎలా ఉంటారో చెప్పలేను. వదినగారు అని ఎందుకు రాశానో నాకే తెలియదు. మీ అబ్బాయికీ మా అమ్మాయికీ కోర్టులో ముడి తెగిన రోజునే మన మధ్య వరస కూడా తెగింది. కానీ వియ్యపురాలిని పేరు పెట్టి పిలిచే అలవాటు నాకు లేదు. పోనీ మేడం అందామంటే, నా దగ్గర ఒక్క మొక్క కొన్న పాపాన మీరు ఎప్పుడూ పోలేదు. అందుకని పాత వరసే ఉండనిచ్చాను. అందులో ఆప్యాయత వెతక్కండి.

ఈ మాత్రం దానికి ఉత్తరం ఎందుకు, ఫోన్ చెయ్యొచ్చుగా అంటారేమో. ఫోన్లో అయితే మీరు ఏడుస్తారు, నేను విసుక్కుని పెట్టేస్తాను, సంగతి సగంలో ఆగిపోతుంది. కాగితం మీద ఆ బాధ లేదు. మీరు ఎంత ఏడ్చినా తరవాతి వాక్యం అక్కడే ఉంటుంది, చదవాల్సిందే.

మొదటి నుంచీ చెప్తాను. జరిగింది మీకు తెలియదని కాదు. ఇటువైపు నుంచి ఎలా కనిపించిందో మీరు ఒకసారి చూడాలని.

పూలకాలం వచ్చిందంటే నా నర్సరీకి కొనేవాళ్ళకంటే చూసేవాళ్ళు ఎక్కువ. చూసి ఊరుకుంటే బాగానే ఉండును. ముట్టుకుంటారు, వాసన చూస్తారు, కుండీ పైకెత్తి అడుగు చూస్తారు, చివరికి మా ఇంట్లో ఎండ పడదండీ అని దింపేసి వెళ్ళిపోతారు. వీళ్ళు చాలరన్నట్టు నిరుడు ఫొటోల క్లబ్బు ఒకటి దాపురించింది. ఉద్యోగాలు అయిపోయినవాళ్ళు, పిల్లలు చేతికందినవాళ్ళు, పొద్దుపోని పళ్ళ డాక్టరు ఒకాయన, అందరూ మెడలో కెమెరాలు వేసుకుని ఊరిమీద పడ్డారు. వాళ్ళకి పెద్ద కళ్ళజోడు సారు. నుదుటి మీద ఒక జోడు, ముక్కు మీద ఒక జోడు. ఎప్పుడూ మూడోది వెతుక్కుంటూ ఉంటాడు. ఆయన వచ్చి, వసంతం ఉన్నన్నాళ్ళూ ఆదివారం పొద్దున పూట మీ పూలు ఫొటో తీసుకుంటామమ్మా, ఆకు కూడా కదపం అని బతిమాలాడు. పాత ఖాతాదారు, మాట కాదనలేక సరే అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అప్పుడు తోచలేదు.

ఆకు కూడా కదపం అన్నవాళ్ళు చేసిన నిర్వాకం మీరూ చూశారు. మంచుబిందువులు కావాలని ఒకావిడ సీసాతో గులాబీల మీద నీళ్ళు చిమ్మేది. తడి ఆరకపోతే ఆకులకు నల్లమచ్చ పడుతుందే అని నేను మొత్తుకుంటే, ఒక్క రెండు చుక్కలేనండీ అని ముద్దుగా నవ్వేది. గాలికి కాడ ఊగుతోందని ఇంకొకాయన బట్టల క్లిప్పులు పెట్టి నా స్వీట్ పీ తీగని కర్రకి బిగించేశాడు. వెనకాల నల్లగా ఉంటే పువ్వు తేలుతుందట, భార్య చీర తెచ్చి వెనక కట్టేవాడు. పళ్ళ డాక్టరు పాన్సీల మధ్య బోర్లా పడుకుని లేచేసరికి ఆ వరసంతా ఆయన పొట్ట ఆకారంలో అణిగిపోయింది. విత్తనం కోసం నేను ఉంచుకున్న వాడిన పూలని, ఫొటో వెనక చెత్తగా ఉన్నాయంటూ ఎవరో తుంచి పారేశారు. ఇంత చేసి ఫొటో బాగా రాకపోతే వెలుతురు బాగాలేదు అనేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడు.

మీరు మాత్రం ఆకు కూడా తుంచలేదు. మీ గురించి నేను చెప్పగలిగే మంచి మాట అదొక్కటే. ఇప్పుడు ఆలోచిస్తే అదీ మంచి కాదు. అసలు పువ్వుతోనే పనిలేని మనిషికి దాని వెనక ఆకు పచ్చగా ఉంటే ఏం, ఎండి ఉంటే ఏం!

నిరుడు ఆ మొదటి ఆదివారం క్లబ్బు కారులోంచి మీరు దిగగానే గుర్తుపట్టాను. జుట్టు నెరిసింది, మనిషి సగమయ్యారు, కెమెరా సంచీకి కొట్టు చీటీ ఇంకా వేలాడుతోంది. పదిమందిలో మిమ్మల్ని బయటికి పొమ్మనలేక ఊరుకున్నాను. కిటికీలోంచి మా అమ్మాయి చూసింది. లోపలికి పిలిచి, రానివ్వమ్మా, పూలు ఎవరి సొత్తూ కాదు, కానీ నా పిల్లతో ఒక్క మాట మాట్లాడకూడదు, ఒక్క ఫొటో తీయకూడదు, ఆ షరతు మీదైతేనే అంది. ఆ మాటే కుళాయి దగ్గర మీకు చెప్పాను. మీరు గుండెమీద చెయ్యి వేసుకుని, నాకు పూలంటే ప్రాణం వదినా, ఏదైనా వ్యాపకం పెట్టుకోమని డాక్టరు చెప్పాడు, అందుకే వచ్చాను అన్నారు. పూలంటే ప్రాణమట! మనం వియ్యాలవారుగా ఉన్నన్నాళ్ళూ మీ ఇంట్లో సీసాలో వేసిన మనీప్లాంటు కూడా బతికి బట్టకట్టలేదు. ఆ రోజే అనుమానించాల్సింది. చల్లకొచ్చి ముంత దాచారు.

ఆ షరతు ఎందుకు పెట్టిందో మీకు వేరే గుర్తుచేయాలా? విడిపోయాక పిల్లని చూసుకోవడానికి మీ అబ్బాయికి శనివారాలు ఇచ్చారు. మా పిడుగుకి అప్పుడు మూడేళ్ళు. పొద్దున్నే మంచి గౌను వేయించుకుని, చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కుని, గేటు పక్కన బోర్లించిన కుండీ మీద కూర్చునేది. ఎండ నెత్తికెక్కేదాకా కూర్చునేది. అన్నానికి రమ్మంటే నాన్న వచ్చాక అనేది. ఒక శనివారం ఎట్టకేలకు మహానుభావుడు వచ్చాడు. కారు ఇంజను కూడా ఆపలేదు. పిల్లని ఎత్తుకుని, చెంపకి చెంప ఆనించి ఫోన్లో ఒక ఫొటో తీసుకుని, పని ఉందంటూ దించేసి వెళ్ళిపోయాడు. అది మళ్ళీ ఎత్తుకుంటాడేమోనని చేతులు చాపి అలాగే నిలబడింది. సాయంత్రానికల్లా ఆ ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంది, కింద నా ప్రాణం అని రాసి. ఎంత మంచి తండ్రో అని లోకమంతా మెచ్చుకుంది. మనిషి అక్కర్లేదు, బొమ్మ చాలు అనుకునేవాళ్ళకి ఇకమీద బొమ్మ కూడా దొరకదు అని మా అమ్మాయి ఆ రోజే అంది. అందులో తప్పేముందో మీరే చెప్పండి.

సరే, పూల సంగతికి వస్తాను. నిరుడంతా, మళ్ళీ ఈ ఏడూ, ఆదివారం ఆదివారం మీరు వచ్చారు. గోనెపట్టా మడిచి మోకాళ్ళ కింద వేసుకునేవారు, ఒకే పువ్వు ముందు గంటలు గంటలు కూర్చునేవారు. మిగతావాళ్ళు మడి మడికీ తిరుగుతుంటే మీరు ఒక్కచోటే పాతుకుపోయేవారు. చివర్లో అందరూ కుళాయి దగ్గర చేరి ఒకరి ఫొటోలు ఒకరు చూసుకునేవారు కదా. మీ కెమెరా చూసినప్పుడల్లా నవ్వే. పళ్ళెమంత గసగసాల పువ్వు మీ ఫొటోలో నీళ్ళలో ఒలికిన రంగులా ఉండేది. కళ్ళజోడు సారు పాపం పక్కన కూర్చుని, లెన్సు ఇలా తిప్పాలమ్మా, ముందున్నది తేటపడేదాకా తిప్పాలి అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పేవాడు. మీరు బుద్ధిగా తలూపి, చూపు సరిగా ఆనడం లేదండీ అనేవారు. అది నమ్మి, కళ్ళు కనపడనావిడ కెమెరా కొనుక్కుంది అని నేను మొక్కలు కొనేవాళ్ళ దగ్గర వేళాకోళం కూడా చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. నవ్వింది నేను, నవ్వులపాలైంది కూడా నేనే.

మధ్యలో ఒకరోజు మా పిడుగు పరుగెత్తుకొచ్చి మీ ముందు ఆగి, కెమెరా ఆంటీ, మీ గోనెపట్టా మీద చీమలు ఎక్కుతున్నాయి అంది. ఆంటీ! నెరిసిన జుట్టు, ఆ మోకాళ్ళ నొప్పులు, ఆ పిల్లకి మీవే వచ్చిన చెవులు. మీరు షరతు ప్రకారం ఒక్క మాట మాట్లాడలేదు, నవ్వారంతే. ఏదో బిరుదు అందుకున్నట్టు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట మీకు గుచ్చుకోవాలని నాకు ఉండింది, మీరేమో దాన్ని కూడా మూట కట్టుకుని వెళ్ళారు.

ఇక ప్రదర్శన. గురువారం మా అమ్మాయి ఆఫీసులో పక్క సీటావిడ, మీ పాప ఫొటో లైబ్రరీ మేడమీద హాల్లో పెట్టారుగా, ఎంత బాగుందో, చెప్పనే లేదేం అందట. అమ్మాయి తింటున్న డబ్బా మూసి పక్కన పెట్టి బయల్దేరింది. నాకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పింది, లైబ్రరీకి రా అని. గులాబీ కుండీలు మారుస్తున్న చేతులతోనే వెళ్ళాను. గోళ్ళలో మట్టి కూడా కడుక్కోలేదు.

గోడనిండా పూలు. క్లిప్పులు పెట్టిన పూలు, నీళ్ళు చిమ్మిన పూలు, నల్ల చీర ముందు తేలిన పూలు. అన్నీ నావే, కింద పేర్లు వాళ్ళవి. చివర, కిటికీ పక్కన మీది. ముందు ఎర్రగా ఏదో కరిగిపోయి ఉంది. అది నా గసగసాల పువ్వే అని పెంచిన నాకే తెలియడానికి కాసేపు పట్టింది. దాని వెనక మా పిడుగు. పగిలిన కుండీ పెంకుల్లో ఇసుక పోసి అంగడి పెట్టుకుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఎవరికో బేరం చెబుతోంది. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి. గడ్డం కింద మట్టి మరక ఉంది. ఆ మరక ఆ రోజు కొంగుతో నేనే తుడిచాను. కింద చీటీలో మీ పేరు, ఫొటో పేరు ‘వసంతం’. పక్కన న్యాయనిర్ణేత అంటించిన కాగితం: పువ్వు మీద ఫోకస్ తప్పింది, ఇంకా సాధన చేయాలి.

కళ్ళజోడు సారు చెప్పాడు, స్టూడియో నడిపే ఆ న్యాయనిర్ణేత అందరి ముందూ మీ ఫొటో దగ్గర నిలబడి, కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే, కెమెరా తనకిష్టమైన చోట ఫోకస్ పెట్టేసుకుంటుంది, మీరు దాని మాట వినకూడదు అని పాఠం చెప్పాడట. అందరూ నవ్వారట. మీరు తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని నిలబడ్డారట. తప్పింది కాదు, పెట్టిందే అక్కడ అని చెప్పే దారి మీకు లేదు మరి.

మా అమ్మాయి అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఫొటో గోడమీంచి తీసి చంకలో పెట్టుకుంది. హాలు కాపలా మనిషి అడ్డం వస్తే, ఇది నా కూతురి మొహం, నేను ఎవరికీ ఇవ్వలేదు అంది. అతను పక్కకి తప్పుకున్నాడు. మెట్లు దిగుతూ ఒక్కసారి నా వైపు తిరిగి, నువ్వు అక్కడే ఉంటావు కదమ్మా, రెండేళ్ళలో నీకు ఒక్కసారి కూడా కనపడలేదా అని అడిగింది. నేను నీళ్ళు పెట్టుకుంటూ ఉంటాను తల్లీ, ఎవరు ఏది తీస్తున్నారో నాకేం తెలుస్తుంది అన్నాను. మీ వల్ల నా కూతురి ముందు నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అది మర్చిపోను.

నాకు అర్థంకానిది ఒక్కటే. దొంగతనంగా తీసుకున్నదాన్ని గప్‌చుప్‌గా దాచుకోక నలుగురిలో ఎందుకు పెట్టారు? రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది. ఆ ఫొటో పెట్టుకోవడానికి మీ ఇంట్లో గోడ లేదు. మీ కొత్త కోడలు ఒప్పుకోదు, మీ అబ్బాయికి ధైర్యం లేదు, మీకు నోరు లేదు. సొంత ఇంటి గోడమీద పెట్టుకోలేనిదాన్ని ఊరి గోడమీద పెట్టించుకుని, రోజూ వెళ్ళి లైటు వెలుగులో నిలబడి చూసుకున్నారు. వారం రోజులూ సాయంత్రం మీరే ఆఖరున వెళ్ళేవారని ఆ కాపలా మనిషే చెప్పాడు. మీ మీద జాలి పడమంటారా? పడను.

ఎందుకు పడనో వినండి. పిల్లకి ఏడాది నిండని రోజుల్లో, ఒళ్ళు కాలిపోయే జ్వరంలో మా అమ్మాయి దాన్ని భుజాన వేసుకుని, ఆస్పత్రికి తీసుకెళ్ళమని మీ అబ్బాయిని బతిమాలితే, స్నేహితుల దగ్గరికి టైమైపోతోంది, అమ్మని తోడు తీసుకెళ్ళు అన్నాడు. మీరు వంటింటి తలుపు వెనకే ఉన్నారు. మీ చీర చెంగు తలుపు కింద కనిపిస్తూనే ఉందట. బయటికి రాలేదు. కొడుకు గడప దాటాక వచ్చి, వాడి కోపం నీకు తెలుసుగా అమ్మా, అని తడిగుడ్డ ఇచ్చారట. ఆ శనివారాల్లో కూడా ఏ ఒక్కరోజూ మీరు గేటుదాకా రాలేదు. వాడు రానప్పుడు నువ్వు వెళ్ళరా అని ఒక్క మాట అనలేదు. వాడికి రెండో పెళ్ళి చేసినప్పుడు పందిట్లో అందరికంటే ముందు నిలబడ్డారు, ఆ ఫొటో కూడా మాకు చేరింది. దాంట్లో ఫోకస్ బాగానే ఉంది. నోరు విప్పాల్సిన చోట తలుపు చాటున దాక్కున్నారు, ఇప్పుడు పువ్వు చాటున దాక్కున్నారు. ఆ రోజు ఆ తలుపు తోసుకుని బయటికి వచ్చి ఉంటే, ఇవాళ నా మొక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చునే గతి మీకు పట్టేది కాదు. దర్జాగా ముందు గేటులోంచి వచ్చి మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు.

కాబట్టి ఇదీ మా నిర్ణయం. ఇకమీద మీరు ఈ నర్సరీ గడప తొక్కకూడదు. క్లబ్బుతోనూ వద్దు, విడిగానూ వద్దు, మొక్క కొంటానన్నా వద్దు. కెమెరాలో ఉండే ఆ చిన్న కార్డు, వేయించుకున్న ఫొటోలు అన్నీ ఈ ఉత్తరం తెచ్చిన వ్యాను డ్రైవరుకి కవర్లో పెట్టి ఇవ్వండి. పిల్ల మొహం మీ అబ్బాయి ఫోన్లో గానీ, ఇంకే గోడమీద గానీ మళ్ళీ కనిపిస్తే, కోర్టుకి వెళ్ళడం మా అమ్మాయికి కొత్త కాదు. కళ్ళజోడు సారుకి కూడా చెప్పేశాను, ఈ వసంతానికి ఇక పూలు చాలు అని. ఆయన ఎంతో నొచ్చుకున్నాడు. పాన్సీలు మాత్రం నొచ్చుకోలేదు, నాలుగు రోజుల్లో లేచి నిలబడ్డాయి.

మళ్ళీ గేటు దగ్గర కనపడితే పైపు మీ వైపు తిప్పుతాను. ఊరికే అంటున్నానని అనుకోకండి.

ఆరోగ్యం చూసుకోండి. మర్యాద కోసం రాస్తున్నాను.

ఇట్లు,
ఒకప్పటి మీ వియ్యపురాలు.

తా.క. పై సంతకందాకా మా అమ్మాయి చదివింది. దయచేసి అన్న మాట రెండుచోట్ల కొట్టేయించి, సాపు రాయించి, రేపు మాట తేడా రాకుండా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంది. ఇప్పుడు పిడుగుకి నీళ్ళు పోస్తోంది, లోపల్నుంచి ఇద్దరి కేకలూ వినిపిస్తున్నాయి. కవరు నేను అంటిస్తానన్నాను. అంటించేలోపు ఈ నాలుగు ముక్కలు.

అదంతా అమ్మాయి రాయించిందని సంబరపడకండి. తలుపు సంగతి నా కడుపులోంచి వచ్చిందే, అది మీరు చచ్చేదాకా మోయాల్సిందే. ఒక్కటి మాత్రం అబద్ధం రాశాను. నాకు తెలియకపోవడమేమిటి? నిరుడు మొదటి ఆదివారమే చూశాను. పైపు పట్టుకుని మీ వెనకనుంచి వెళుతుంటే, మీ కెమెరా వెనక తెరమీద పువ్వు కరిగిపోయి ఉంది, దాని వెనకాల పిల్ల చెవులు స్పష్టంగా ఉన్నాయి. మీరు ఊపిరి బిగబట్టి లెన్సు తిప్పుతున్నారు. అరవాల్సింది. నీళ్ళు దారిమీద పారిపోతుంటే అలాగే నిలబడిపోయాను. మర్నాడు పిల్ల ఆడుకునే ఇసుక కుప్ప నీడలోంచి తీయించి తూర్పువైపు, గసగసాల మడి వెనక పోయించాను. అక్కడైతే పొద్దుటి వెలుతురు మొహం మీద పడుతుందని. మీ మీద ప్రేమతో కాదు. కోర్టులో తీర్పు అటుదిటై ఉంటే పిల్ల మీ ఇంట్లో పెరిగేది, నేను ఏదో వంక పెట్టుకుని మీ వీధిలో తచ్చాడుతూ ఉండేదాన్ని. మీ ఇంట పూలమొక్క కూడా లేదు, నాకు ఏ వంక దొరికేదో అని చాలాసార్లు ఆలోచించాను. కంచే చేను మేసిందంటారే, అది నేనే. తెలిస్తే నా కూతురు నా మొహం చూడదు. తెలిసే చేశాను.

ఇంకొకటి, మీకు చెప్పొద్దన్నది. అమ్మాయికి బదిలీ అయింది. నెలాఖరుకి పిల్లని తీసుకుని దూరం వెళ్ళిపోతోంది. నన్ను రమ్మంది. మొక్కల్ని వదిలి ఎక్కడికి వస్తానని చెప్పాను, ఆ తరవాత స్టోరు గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. వచ్చే వసంతానికి ఇక్కడ పూలు ఉంటాయి. వాటి వెనకాల ఎవరూ ఉండరు.

బుధవారం అమ్మాయి అక్కడ ఇల్లు చూసుకోవడానికి వెళుతుంది, సాయంత్రానికి గానీ రాదు. మీరు పొద్దున్నే రండి. ఎరువు బస్తాలు దింపుకునే వెనక గేటు తీసి ఉంచుతాను. కళ్ళజోడు సారుకి చెప్పకండి. మీ అబ్బాయికి అసలే చెప్పకండి. ఆ రోజు తీసుకునే ఫొటో వాడి కంటపడిందో, పైన రాసిన ప్రతి మాటా నిజం చేసి చూపిస్తాను. మీ బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకోండి, అక్కడ ఎవరూ చూడరు. కార్డు రేపే డ్రైవరుకి ఇచ్చెయ్యండి, అమ్మాయి అడుగుతుంది. బుధవారానికి కొత్తది కొనుక్కోండి. పిల్ల మిమ్మల్ని ఏమని పిలవాలో నేను ఇంకా తేల్చుకోలేదు, అంతదాకా ఆంటీయే. పసుపు గౌను వేసి, తల దువ్వి, ఇసుక కుప్ప దగ్గర కూర్చోబెడతాను. ఎంతసేపైనా తీసుకోండి, నేను నీళ్ళు పెట్టుకుంటూ ఉంటాను.

ఈసారి మధ్యలో పువ్వు పెట్టకండి.